పొట్లం ఇచ్చాక మొదలయ్యే పని: సికింద్రాబాద్ ఫుట్‌పాత్‌ల మీద కథోలిక విద్యార్థులు, ఒక కేస్ స్టడీ

సికింద్రాబాద్‌లో ఒక కథోలిక మఠసభ నడిపే డిగ్రీ కాలేజీలో నేను సోషల్ వర్క్ చెబుతాను. మా ఐకఫ్ యూనిట్‌కి యానిమేటర్‌ని, అంటే పిల్లల్ని వెంట ఉండి నడిపించే పెద్దని కూడా. 1924లో మద్రాసులో మొదలైన ఈ కథోలిక విద్యార్థి సమాఖ్యకు దేశంలో చాలా కాలేజీల్లో యూనిట్లున్నాయి, వాటిలో మాది చిన్నది. కొన్నేళ్లుగా మా పిల్లలు శనివారం సాయంత్రాలు రోడ్డు మీద బతికేవాళ్ల దగ్గరికి వెళ్తున్నారు. ఇది విని వేరే కాలేజీల యానిమేటర్లు, విచారణల్లో (పారిష్‌లలో) యువతను చూసుకునే సిస్టర్లు "మీరు ఎలా చేస్తున్నారు? మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఇందులో వచ్చే మనుషుల పేర్లు రాయను, కొన్ని గుర్తులు కూడా మార్చాను. రోడ్డు మీద ఉన్నంత మాత్రాన వాళ్ల జీవితం అందరి ముందూ పరచడానికి మనకు హక్కు రాదు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పొరుగువాణ్ని ప్రేమించడం పొట్లాలు పంచితే రాదు. అదే మనిషి దగ్గరికి, అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తే వస్తుంది. అది కూడా అందరికీ ఒకేసారి రాదు.

అడగడంతో మొదలు

మన విచారణల్లో సేవకు ఒక క్యాలెండర్ ఉంటుంది. క్రిస్మస్ ముందు ఆగమన కాలంలో దుప్పట్లు, ఈస్టర్ ముందు తపస్కాలంలో భోజనాలు, ఎవరిదైనా పుట్టినరోజో వర్ధంతో వస్తే బిర్యానీ పొట్లాలు. అది తక్కువ పనేమీ కాదు. డిసెంబరు చలిలో దుప్పటి దొరకడమంటే ఏమిటో రోడ్డు మీద పడుకునేవాళ్లకే తెలుసు. అయితే కాలేజీలో ఈ పని మొదలుపెట్టినప్పుడు, ఏదైనా పట్టుకెళ్లే ముందు ఉత్తి చేతులతో వెళ్లి అడిగి రండి అని పిల్లలకు చెప్పాను. ఏం కావాలని కాదు, రోజు ఎలా గడుస్తుందని అడగమన్నాను.

వాళ్లు తెచ్చిన జవాబులు నన్నూ ఆలోచనలో పడేశాయి. పెద్దాసుపత్రుల చుట్టుపక్కల, స్టేషన్ దగ్గర, గుళ్ల దగ్గర ఆదివారాలు, పండుగ రోజుల్లో తిండికి కొరత లేదు. ఒకే సాయంత్రం మూడు నాలుగు బృందాలు వస్తాయి, మిగిలింది కుక్కలకు పోతుంది. వాళ్లు చెప్పిన కష్టాలు వేరు. మరుగుదొడ్డికి వెళ్లిన ప్రతిసారీ డబ్బు కట్టాలి. ఆడవాళ్లకు స్నానానికి చోటు లేదు. పనికి వెళ్లేటప్పుడు సంచి ఎక్కడ పెట్టాలో తెలియదు, పెట్టి వెళ్తే ఉండదు. కాలి పుండు మానదు. రాత్రి నిద్ర పట్టదు, పడితే ఎవరో ఒకరు లేపి పొమ్మంటారు. సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి టీ కొట్టు వాణ్ని బతిమాలాలి.

ఇంకో విషయం కూడా తెలిసింది. వెళ్లేముందు మా పిల్లల్లో చాలామంది 'బిచ్చగాళ్లు' అనే మాటే వాడారు. తీరా చూస్తే ఎక్కువమంది ఏదో ఒక పని చేసుకునేవాళ్లే. అడ్డా కూలీలు, హమాలీలు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు వెళ్లేవాళ్లు. ఈ క్యాటరింగ్ వాళ్ల మాట కాస్త చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్లకు రెండు పూటలా భోజనం, చేతిలో కూలి డబ్బులు. ఆషాఢం వస్తే, మూఢం వస్తే ముహూర్తాలుండవు. ముహూర్తం లేకపోతే పని లేదు, పని లేకపోతే పస్తు. మన పొట్లాలు వచ్చేది పండుగలకు, వాళ్లకు ఆకలి వేసేది ముహూర్తాలు లేని నెలల్లో. పంచాంగం దగ్గర పెట్టుకుని మా భోజనాల తేదీలు మార్చమన్నది బీకామ్ రెండో సంవత్సరం అమ్మాయి. ఆ సంవత్సరం నుంచి మా విరాళాల్లో ఎక్కువ భాగం ఆషాఢానికే దాస్తున్నాం.

లెక్కలు కూడా చదివించాను, ఎందుకంటే జాలి ఒక్కటే ఉంటే అది తొందరగా అలసిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రిలో, నిద్రపోతున్న మనుషుల్ని వెతికి లెక్కపెట్టడం ఎంత కష్టమో మా పిల్లలకు ఇప్పుడు తెలుసు. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు వందమంది పట్టే ఒక శాశ్వత ఆశ్రయం ఉండాలన్నది జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టుకున్న ప్రమాణం. సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో ప్రభుత్వాలను పదేపదే ఆదేశించింది. మన నగరంలో ఉన్న నైట్ షెల్టర్లు ఆ లెక్కకు దరిదాపుల్లో లేవు. ఇది తెలిస్తే రోడ్డు మీద మనిషిని చూసి "షెల్టర్‌కి ఎందుకు వెళ్లరు?" అని విసుక్కోవడం తగ్గుతుంది.

పద్ధతి

ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఒక్కో జంటకు అయిదారుగురు మనుషులు, ఒకే చోటు, ఏడాదంతా వాళ్లే. వ్యాన్‌లో వెళ్లరు, బస్సెక్కి, నడిచి వెళ్తారు. దీనికి కారణముంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధించి, రోడ్ల మీదున్నవాళ్లను వాహనాల్లో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో పెట్టిన కేంద్రాలకు తీసుకెళ్లారు. ఆనాటి నుంచి పాతవాళ్లకు వ్యాన్ ఆగితే గుండె దడ. మంచి మనసుతో వచ్చిన వ్యానైనా సరే, చూడగానే సంచి పట్టుకుని పక్క సందులోకి వెళ్లిపోయేవాళ్లున్నారు.

ఫొటోలు తీయరు. దీని మీద నేను ఎవరి మాటా వినను. కాలేజీ వార్షిక నివేదికకు ఫొటో కావాలని అడిగితే మా పిల్లలు కూర్చుని మాట్లాడుకుంటున్న ఫొటో ఇస్తాను.

డబ్బు చేతికివ్వరు, కానీ కలిసి టీ తాగుతారు. ఒక్కోసారి వాళ్లే మా పిల్లలకు టీ ఇప్పిస్తారు. అప్పుడు వద్దనకూడదు. రోజంతా మూటలు మోసి సంపాదించిన దాంట్లోంచి ఒక హమాలీ "తాగు తమ్మీ" అని గ్లాసు చేతికిస్తే, పాపం ఆయన డబ్బులు ఎందుకని తిరస్కరించడం మర్యాద కాదు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ మనదే అయితే అక్కడ స్నేహం పుట్టదు.

ఇంకొకటి మేం చెప్పింది కాదు, పిల్లలే మొదలుపెట్టింది. ఎవరైనా పరిచిన పట్టా మీద కూర్చోమంటే చెప్పులు విప్పి కూర్చుంటారు. ఆ నాలుగడుగుల పట్టా వాళ్ల ఇల్లు. అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. ఒకరి ఇంట్లోకి చెప్పులతో వెళ్తామా? మొదటిసారి ఒక అబ్బాయి అలా చెప్పులు విప్పితే, అక్కడున్న పెద్దాయన లేచి పట్టా దులిపి, ముడతలు సరిచేసి, "ఇటు కూసో" అని మంచి వైపు చూపించాడు.

ఈ 'ఇంటికి వెళ్లడం' అన్నది మన శ్రీసభలో, అంటే కథోలిక చర్చిలో, కొత్త సంగతి కాదు. 1832లో కలరా పారిస్‌ను ఊడ్చేసింది. ఆ మరుసటి సంవత్సరం, మీ క్రైస్తవం ఒకప్పుడు గొప్పదే కావచ్చు, ఇప్పుడు పేదలకు ఏం చేస్తోందని తోటి విద్యార్థులు నిలదీస్తే, ఫ్రెడెరిక్ ఓజనామ్ అనే లా విద్యార్థి వాదన ఆపి పనిలోకి దిగాడు. 1833 ఏప్రిల్ 23న, తన ఇరవయ్యో పుట్టినరోజున, కొద్దిమంది స్నేహితులతో మొదటి సమావేశం పెట్టాడు. తర్వాత ప్రపంచమంతా పాకిన పునీత విన్సెంట్ దె పాల్ సంఘానికి అదే పుట్టుక. ఆ కుర్రాళ్లకు పేదల ఇళ్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. మూఫ్తార్ పేటలో పనిచేసే సిస్టర్ రోసాలీ వాళ్లకు కుటుంబాల చిరునామాలిచ్చి, రొట్టెకూ బొగ్గుకూ చీటీలిచ్చి, ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో నేర్పింది. మా కొత్త బ్యాచ్‌కి మొదటి వారం ఈ కథ చెబుతాను. విద్యార్థులే పెట్టిన సంఘం అనేసరికి వాళ్ల వెన్ను నిటారుగా అవుతుంది. 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించిన పియెర్ జోర్జో ఫ్రస్సాతి కూడా తూరిన్‌లో ఈ సంఘ సభ్యుడే. ఇంజనీరింగ్ చదువుతూ 1925లో 24 ఏళ్లకే చనిపోయాడు. అతను రోజూ ఎక్కడికి వెళ్లేవాడో ఇంట్లోవాళ్లకు పూర్తిగా అర్థమైంది అంత్యక్రియలకు వచ్చిన పేదల్ని చూశాకే.

గోడ పక్కన అవ్వ

ఇక అసలు కేసు. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి ప్రహరీ గోడ పక్కన ఉండే అవ్వ గురించి. పాలమూరు వైపు పల్లె. భర్తకు కిడ్నీలు చెడిపోతే తీసుకొచ్చి చేర్పించింది, ఆయన ఇక్కడే పోయాడు. ఊళ్లో ఇల్లు అప్పు కింద పోయింది. కొడుకు భివండిలో ఉంటాడని చెబుతుంది, ఫోన్ కలవదు. ఆసుపత్రికి రోగులతో వచ్చి, రోగి పోయాక వెనక్కి వెళ్లలేక గోడ పక్కనే మిగిలిపోయేవాళ్లు ప్రతి పెద్దాసుపత్రి దగ్గరా ఉంటారు. మనకు వాళ్లు కనపడరు, ఎందుకంటే పేషెంట్ తాలూకు మనుషులే అనుకుని దాటిపోతాం.

అవ్వకు చెయ్యి ఊరుకోదు. దగ్గర్లోని టిఫిన్ సెంటర్‌కి వెల్లుల్లి ఒలిచి ఇస్తుంది, కిలోకి ఇంత అని ఇస్తారు. ఆమె దగ్గరికి వెళ్లే జంట ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయి సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగింది, ఇంకో అమ్మాయి ఖమ్మం వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటుంది. మొదటి రెండు మూడు వారాలు మాట సాగలేదు. "బాగున్నరా అవ్వా?" "బాగనే ఉన్న బిడ్డా." అంతే. ఒకరోజు ఖమ్మం అమ్మాయి ఏమీ అడగకుండా ముందున్న చాటలోంచి ఒక వెల్లుల్లి గడ్డ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. అవ్వ చూసి, "గట్ల కాదు, ముందుగాల మొదలు తుంచాలె" అని గోరుతో చేసి చూపించింది. ఆ సాయంత్రం ముగ్గురూ కలిసి చాటెడు ఒలిచారు. అమ్మాయిల గోళ్ల సందులు రాత్రంతా మండాయట. వాళ్ల చేతుల వాసనకు బస్సులో పక్కనున్నావిడ మొహం తిప్పుకుందని చెప్పారు. కానీ ఆ రోజే భర్త గురించి, అప్పు గురించి, కొడుకు గురించి అవ్వ మొదటిసారి నోరు విప్పింది. చేతులకు పని ఉంటే నోటికి భయం తగ్గుతుంది. ఇది నేను ఏ క్లాసులోనూ ఇంత బాగా చెప్పలేను.

తర్వాత కాగితాల పని. అవ్వకు ఆధార్ ఉండేది, ఆసుపత్రిలో పోయింది, నంబరు గుర్తులేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఏదీ లేకపోతే ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఇచ్చే జీరో టికెట్ కూడా లేదు. రాష్ట్రంలో అందరికంటే పేదరాలు డబ్బులిచ్చి టికెట్ కొనుక్కోవాలి. అమ్మాయిలు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్తే వేలిముద్రలు పడలేదు. ఇన్నేళ్ల కూలి పనితో, వెల్లుల్లితో వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఆపరేటర్ "రాదమ్మా, పోండి" అన్నాడు. సికింద్రాబాద్ అమ్మాయి కదల్లేదు. "కన్ను స్కాన్ చేయండి సార్, చేయొచ్చు కదా" అంది. చేశాడు. దొరికింది. ప్రింట్ తీయించి లామినేషన్ చేయించారు. అవ్వ దాన్ని జాకెట్లో పెట్టుకుంది, ఈ రోజు వరకూ సంచిలో పెట్టలేదు.

భర్తకు ఆసరా పెన్షన్ వచ్చేది. ఆయన పోయాక అది ఆమె పేరుకు మారాలి, నెలకు 2,016 రూపాయలు. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. ఊళ్లో అడిగితే ఇక్కడ లేదన్నారు, సహజమే. మనిషి ఏ ఊరివాడైనా మరణం నమోదయ్యేది చనిపోయిన చోట. ఆసుపత్రి నగరంలో ఉంది కాబట్టి నమోదు నగర మున్సిపాలిటీలో ఉంటుంది, పత్రం మీసేవలో తీసుకోవచ్చు. ఈ చిన్న సంగతి తెలియకనే ఎందరో తిరిగి తిరిగి వదిలేస్తారు. మీరు ఈ పని మొదలుపెడితే ముందు నేర్చుకోవాల్సింది ఇలాంటివే. మరణ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, ఓపీ చీటీ.

పత్రం తీసుకుని అమ్మాయిలిద్దరూ, నేనూ అవ్వతో కలిసి ఇమ్లీబన్‌లో బస్సెక్కి వాళ్ల మండలానికి వెళ్లాం. దరఖాస్తు ఇచ్చాం. ఊళ్లోకి కూడా వెళ్లాం. అవ్వను అందరూ పలకరించారు, ఒకావిడ అన్నం పెట్టింది. ఒక బంధువు తమ వసారాలో ఉండమన్నాడు. అమ్మాయిల మొహాలు వెలిగిపోయాయి. అవ్వను అక్కడే వదిలి వచ్చాం.

మరుసటి వారం శనివారానికి అవ్వ మళ్లీ గోడ పక్కన ఉంది. ముందు చాట, చాటలో వెల్లుల్లి.

అమ్మాయిలు ఎంత కుంగిపోయారో చెప్పలేను. ఖమ్మం అమ్మాయి ఏడ్చింది. సికింద్రాబాద్ అమ్మాయికి కోపం వచ్చింది. "మేడమ్, మనం ఇంత చేస్తే ఆమెకు లెక్కే లేదు" అంది. ఎందుకొచ్చావని ఆ రోజు అవ్వను అడిగింది కూడా. అవ్వ పక్కకు చూపించింది. గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఒకావిడ. నలభై ఏళ్లుంటాయేమో. ఎవరితోనూ మాట్లాడదు, తనలో తను ఏదో అనుకుంటుంది. మా పిల్లల నోట్‌బుక్‌లో ఆమె పేరు దగ్గర 'స్పందన లేదు' అని రాసి ఉంది. "నేను పోతే దీనికి బువ్వ ఎవలు పెడ్తరు బిడ్డా? దీనికి చెప్పకుండ నేనెట్ల పోతా?" అంది అవ్వ. ఆమెకు జడ వేసేది, రాత్రి దుప్పటి కప్పేది, మగవాళ్లు ఎవరైనా దగ్గరికి వస్తే కర్ర తీసేది అవ్వేనని అప్పుడు తెలిసింది. ఆమెది ఏ ఊరో, ఏ కులమో, ఏ మతమో అవ్వకు తెలియదు, ఎప్పుడూ అడగలేదట.

శనివారం రాత్రి చర్చ

వెళ్లొచ్చాక ప్రతి శనివారం చాపెల్ వరండాలో గుండ్రంగా కూర్చుంటాం. బెల్జియంలో యువ కార్మికుల మధ్య పనిచేసిన జోసెఫ్ కార్డీన్ నేర్పిన 'చూడు, ఆలోచించు, చెయ్యి' పద్ధతే మాదీ. ఐకఫ్‌లో, బడి పిల్లల కథోలిక ఉద్యమమైన వైసీఎస్‌లో పెరిగినవాళ్లకు ఇది అలవాటే. ఈ రోజు ఎవరిని చూశాం, ఏం విన్నాం, దాని మీద సువిశేషం ఏమంటుంది, వచ్చే వారానికి ఏం చేయాలి. నేను తక్కువ మాట్లాడతాను. ఈ చర్చ లేకపోతే వెళ్లడం వల్ల సగం ప్రయోజనం పోతుందని నా అనుభవం. చూసినదాన్ని మాటల్లో పెట్టకపోతే పిల్లలు మూడో వారానికి మొద్దుబారిపోతారు, లేదంటే తామేదో గొప్ప పని చేస్తున్నామనుకుంటారు.

ఆ రాత్రి లూకా సువార్త పదో అధ్యాయం చదివాం, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని మిగతావాళ్లు దాటిపోతే ఆగి ఆదుకున్న మంచి సమరీయుని కథ. అందరికీ కంఠతా వచ్చిందే, సత్యోపదేశం క్లాసులో ఎన్నిసార్లు విన్నారో. చదవడం అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోపంగా ఉన్న అమ్మాయే మొదలుపెట్టింది. "మేడమ్, ఇన్నాళ్లూ నేను సమరీయుణ్ని అనుకున్నాను. దారిలో పడి ఉన్న మనిషి అవ్వ అనుకున్నాను." అంతవరకే అని ఆగిపోయింది. ధర్మశాస్త్రం తెలిసినవాడు 'నా పొరుగువాడెవడు' అని అడిగితే, యేసు ఆ ప్రశ్నను అటు తిప్పి, దెబ్బలు తిన్నవాడికి పొరుగువాడైంది ఎవడని అడుగుతాడు. ఆ వారం మా గోడ దగ్గర దానికి జవాబు అవ్వ. మా పిల్లలు నోట్‌బుక్‌లో 'స్పందన లేదు' అని రాసుకుని దాటిపోయిన మనిషి దగ్గర ఆమె ఆగింది.

ఇంకో శనివారం ఒక అబ్బాయి చెప్పినది కూడా రాయాలి, అతని అనుమతితోనే రాస్తున్నాను. స్టేషన్ వైపు వెళ్లే జంటలో ఉంటాడు, కుదురైన పిల్లాడు, ఎప్పుడూ వెనకే నడుస్తాడు. ఒకరోజు వరండాలో, "మా నాన్న ఊరి నుంచి వచ్చిన కొత్తలో సికింద్రాబాద్ స్టేషన్‌లోనే పడుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంటుంది" అన్నాడు. మా కథోలిక కుటుంబాల్లో చాలామంది ఇలా పొట్ట చేత పట్టుకుని నగరానికి వచ్చినవాళ్లే. ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు. పేదవాళ్లకు సేవ అనగానే మనమంతా ఒడ్డున నిలబడినవాళ్లమన్నట్టు మాట్లాడతాం. ఆ అబ్బాయి మాట తర్వాత మా బృందంలో 'వాళ్లు' అనే మాట బాగా తగ్గింది.

అవ్వ కేసు ఎక్కడిదాకా వచ్చింది

షెల్టర్‌కి రమ్మంటే అవ్వ రాదని మాకు ముందే తెలుసు, ఇప్పుడు కారణం కూడా తెలిసింది. కాబట్టి అవ్వను కదిలించే ప్రయత్నం మానేసి పక్కావిడ సంగతి చూశాం. రోడ్డు మీద తిరిగే మానసిక రోగుల బాధ్యత పోలీసులదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. అయినా పోలీసు జీపుతో మొదలుపెట్టొద్దని నిర్ణయించుకున్నాం. మాకు తెలిసిన ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కొన్ని వారాలు మాతో పాటు వచ్చి అవ్వ పక్కన కూర్చున్నారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు ఆటోలో ఆవిడ పక్కన అవ్వే కూర్చుంది. చెయ్యి పట్టుకునే ఉంది. లోపల డాక్టర్ అడిగిన ప్రశ్నలకు సగం జవాబులు అవ్వే చెప్పింది. ఎప్పుడు తింటుంది, ఎప్పుడు నిద్రపోదు, ఏ చప్పుడుకు భయపడుతుంది. అంత బాగా గమనించిన మనిషి ఇంకొకరు లేరు.

ఇప్పుడు ఇద్దరూ రాత్రిళ్లు ఆడవాళ్ల షెల్టర్‌లో పడుకుంటున్నారు. ఇద్దర్నీ పక్కపక్క మంచాల్లో ఉంచుతామంటేనే అవ్వ ఒప్పుకుంది. మందులు అవ్వే వేస్తుంది. పగలు మళ్లీ గోడ దగ్గరికి వచ్చి వెల్లుల్లి ఒలుస్తుంది, అది ఆమె పని, ఆమె సంపాదన. పెన్షన్ దరఖాస్తు ఇంకా నడుస్తోంది. దీన్ని విజయగాథ అని నేను అనను. రోడ్డు మీద ఉన్న మనిషి ఇంటికి చేరలేదు. కానీ మా అమ్మాయిలిద్దరూ ఇప్పుడు ఆమె తరఫున నిర్ణయాలు తీసుకోవడం మానేశారు, ఆమెను అడుగుతున్నారు.

అడ్డంకులు

తల్లిదండ్రుల భయం న్యాయమైనది. అమ్మాయిల జంటలు ఆసుపత్రుల దగ్గరే ఉంటాయి, చీకటి పడగానే అందరూ ఒక చోట కలుస్తారు, హాస్టల్ గేటు వేళకు లోపల ఉంటారు. స్థానిక పోలీసు స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలియజేస్తాం. పుండ్లకు కట్లు కట్టరు, ఓపీకి తీసుకెళ్తారు. విడవకుండా దగ్గుతున్న మనిషి దగ్గర మాస్కు పెట్టుకుంటారు, కఫం పరీక్ష చేయిస్తారు. తాగి ఉన్నవాళ్లతో ఆ పూట వాదించరు, మరుసటి వారం పలకరిస్తారు.

మతం సంగతి తప్పకుండా వస్తుంది. మా బృందంలో హిందూ, ముస్లిం పిల్లలు కూడా ఉన్నారు. కరపత్రాలు, స్వరూపాలు, జపమాలలు పంచం. రోడ్డు మీద ప్రార్థన పెట్టం. ఎవరైనా తమంతట తాము "మా కోసం ప్రార్థించండి" అంటే ప్రార్థిస్తాం. ఒక తండ్రి నన్ను నిలదీశాడు. "మరి ప్రభువు గురించి చెప్పకపోతే ఇది కథోలిక సేవ ఎట్లయితది మేడమ్?" అని. 2005లో పోప్ బెనెడిక్ట్ తన మొదటి విశ్వలేఖలో, అంటే శ్రీసభ అంతటికీ రాసిన లేఖలో, ప్రేమను మరో ప్రయోజనం సాధించే సాధనంగా వాడకూడదని, ప్రేమ ఉచితమని స్పష్టంగా రాశారని చెప్పాను. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో కూడా ప్రభువు అడిగేది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా అనే, పరదేశిని చేర్చుకున్నావా అనే. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, అయినా కూతుర్ని పంపడం ఆపలేదు.

నాకు తీరని సమస్య ఇంకొకటుంది. విద్యార్థుల సంవత్సరానికీ రోడ్డు సంవత్సరానికీ పొత్తు కుదరదు. పరీక్షలు, సెలవులు ఎండాకాలంలో వస్తాయి. సరిగ్గా అప్పుడే ఫుట్‌పాత్ మీద మనిషికి నీళ్లు, నీడ అన్నిటికంటే ఎక్కువ అవసరం. స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి అటువైపు పడుకునేవాళ్లు చెల్లాచెదురయ్యారు, వాళ్లను వెతకడమే ఒక పని. ఏడాదంతా కలిసి కూర్చున్నవాళ్లు ఏప్రిల్ రాగానే మాయమైతే ఆ మనుషులకు ఎలా ఉంటుంది? అందుకని ఫిబ్రవరిలోనే ప్రతి జంటా తమ నోట్‌బుక్ పట్టుకుని విచారణలోని విన్సెంట్ దె పాల్ సంఘం పెద్దలను వెంటబెట్టుకుని వెళ్తుంది. "అవ్వా, ఈయన మా అంకుల్, పరీక్షలయ్యేదాకా ఈయన వస్తాడు" అని పరిచయం చేస్తుంది. నోట్‌బుక్‌లో మందుల పేర్లు, ఓపీ తేదీలు, దరఖాస్తు నంబర్లు, ఎవరికి కారం పడదో, ఎవరికి ఏ వేళకు పని ఉంటుందో అన్నీ ఉంటాయి. ఆసుపత్రుల వైపు ఈ ఏర్పాటు బాగానే నడుస్తోంది. స్టేషన్ వైపు మాత్రం వేసవికి ఇంకా మనుషులు సరిపోవడం లేదు. మెట్టుగూడ, చిలకలగూడ చుట్టుపక్కల విచారణల్లో ఏప్రిల్, మే నెలల్లో శనివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లుంటే ముందు మా పిల్లలతో ఒకసారి నడిచి రండి. నోట్‌బుక్ వాళ్లే మీ చేతికిస్తారు.